ఆటగాడికి జీతం ఎవరిస్తారు?

పెంటేల హరికృష్ణ పేరు చెబితే చదరంగం ఎరిగినవాళ్లు తప్ప మిగతావాళ్లు కాసేపు ఆలోచిస్తారు. ఈ గుంటూరు కుర్రాడు 2001లో గ్రాండ్‌మాస్టరయ్యాడు. 2004లో కొచ్చిలో ప్రపంచ జూనియర్ టైటిల్ గెలిచాడు, 2016లో 2770 రేటింగుతో ప్రపంచంలో తొలి పదిమందిలో నిలిచాడు. 2024లో బుడాపెస్ట్ ఒలింపియాడ్‌లో బంగారు పతకం తెచ్చిన జట్టులో ఉన్నాడు. అదే ఏడాది సింగపూర్‌లో గుకేశ్ ప్రపంచ విజేత అయినప్పుడు తెరవెనుక ఎత్తులు సిద్ధం చేసిన బృందంలోనూ ఉన్నాడు. రెండు దశాబ్దాలు దాటినా అతనికి ఆటే ఉద్యోగం. కాకపోతే ఆ ఉద్యోగం చాలావరకు జర్మనీ బుందెస్‌లీగా వంటి క్లబ్బు పోటీల్లో, ఐరోపా టోర్నీల్లో దొరికింది. కాపురం కూడా అటే మారింది. మనకు ప్రతిభ కరవు లేదు గానీ, ఆ ప్రతిభ ఏటా ఇంత అని సంపాదించుకుని బతికే ఏర్పాటు లేదు.

చైనాలో గో ఆటకు ఆ ఏర్పాటుంది. పందొమ్మిది అడ్డగీతలు, పందొమ్మిది నిలువుగీతల బల్ల మీద నల్ల, తెల్ల రాళ్లతో ఆడే ఆట అది. జెజియాంగ్ రాష్ట్రంలోని లిషుయ్‌లో పుట్టిన కె జియే 2008లో, పదకొండేళ్ల ప్రాయంలో, వృత్తి ఆటగాడి హోదా పొందాడు. పద్దెనిమిది నిండకముందే, 2015లో, తొలి ప్రపంచ టైటిల్ గెలిచాడు. 2017లో వుజెన్‌లో గూగుల్ వారి కంప్యూటర్ ప్రోగ్రామ్ ఆల్ఫాగో చేతిలో మూడు ఆటలూ ఓడాడు. మొదటి ఆటలో తేడా అర పాయింటే. అలాంటివాడికి ఎక్కడున్నా లోటుండదు. నేను చెప్పేది అక్కడ నలభయ్యో స్థానంలో ఉన్న ఆటగాడి గురించి. 1999 నుంచి జరుగుతున్న జాతీయ లీగ్‌లో ఊళ్ల పేర్లతో, కంపెనీల డబ్బుతో జట్లు ఆడతాయి. అతను వాటిలో ఒకదానికి ఆడి ఇల్లు గడుపుకోగలడు. యంత్రం మనిషిని మించిపోయాక కూడా ఆ లీగ్ మూతపడలేదు. మన దగ్గర నలభయ్యోవాడు పిల్లలకు పాఠాలు చెప్పుకుంటాడు, లేదా ఆట మానేస్తాడు.

నిజమైన ప్రతిభ తన దారి తాను వెతుక్కుంటుందని కొందరంటారు. కోనేరు హంపిని, వరంగల్ అర్జున్ ఇరిగేశిని చూపిస్తారు. ఆ దారి ఎవరు వేశారో కూడా చూడాలి కదా! హంపి కోసం తండ్రి అశోక్ అధ్యాపక ఉద్యోగం వదులుకుని తానే కోచ్ అయ్యారు. అర్జున్ తండ్రి వైద్యులు. 2024లో ఒక సంస్థ అర్జున్‌తో అయిదేళ్లకు పదిహేను లక్షల డాలర్ల ఒప్పందం చేసుకుంది. మంచిదే. కానీ అప్పటికే అతను ప్రపంచంలో ముందువరసలో ఉన్నాడు. అదే ఏడాది డిసెంబరులో 2800 దాటాడు, ఆనంద్ తర్వాత ఆ గీత దాటిన రెండో భారతీయుడు. గెలిచాక వచ్చే డబ్బు గెలుపు దాకా నడిపించదు.

పటాన్‌చెరు దగ్గర లక్డారంలో కంకర క్రషర్ల దుమ్ము మధ్య పెరిగే పిల్లవాణ్ని తీసుకోండి. గ్రాండ్‌మాస్టర్లు వాడే చదరంగ ప్రోగ్రామ్ స్టాక్‌ఫిష్ అతని తండ్రి ఫోన్‌లోనూ ఉచితంగా దొరుకుతుంది. ఇంక కావాల్సిందేముంది అంటారు. కానీ రేటింగు ఫోన్‌లో రాదు. టోర్నీకి ఫీజు కట్టాలి, రైలెక్కాలి, బస వెతుక్కోవాలి. గ్రాండ్‌మాస్టర్ కావాలంటే 2500 రేటింగు, మూడు నార్ములు ఉండాలి. ఒక్కో నార్ముకు మామూలుగా తొమ్మిది ఆటల్లో 2600 స్థాయి ఆట చూపాలి. ఎదుటివాళ్లలో గ్రాండ్‌మాస్టర్లుండాలి, విదేశీయులుండాలి. అందుకే మన పిల్లలు సెర్బియాకో స్పెయిన్‌కో పరుగెడతారు. క్రషర్ కూలి మీద బతికే ఇల్లు ఈ ఖర్చు మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతుంది.

చైనా పద్ధతికి ఇంకో ముఖం ఉంది, దాన్ని దాచను. అక్కడ ఎందరో పిల్లలు బడి పక్కనపెట్టి అకాడమీల్లో మగ్గుతారు, ఏటా వృత్తి హోదా దక్కేది పిడికెడు మందికే. ఆ భాగం మనకొద్దు. లీగ్ మాత్రం తెచ్చుకోవచ్చు. ఇప్పటికే 2023 నుంచి గ్లోబల్ చెస్ లీగ్ ఉంది కదా అంటే, అది ఆరు జట్ల, కొద్ది రోజుల తారల పండగ. మన నలభయ్యోవాడికి అందులో కుర్చీ లేదు. కావలసింది జిల్లాల జట్లు ఏడాదిలో కొన్ని నెలలపాటు వారాంతాల్లో ఆడే చిన్న లీగ్.

డబ్బు మాట కూడా ఉంది. 2013 కంపెనీల చట్టం ప్రకారం ఓ స్థాయి దాటిన సంస్థలు మూడేళ్ల సగటు నికర లాభంలో 2 శాతం సామాజిక బాధ్యతకు ఖర్చు చేయాలి. జాతీయ గుర్తింపు ఉన్న క్రీడల్లో శిక్షణ ఆ జాబితాలో ఉంది, చదరంగానికి ఆ గుర్తింపు ఉంది. పటాన్‌చెరు, పాశమైలారం చుట్టూ ఉన్న ఫ్యాక్టరీల్లో కొన్ని చేతులు కలిపినా ఒక కోచ్ జీతం, పదిమంది పిల్లల ప్రయాణ ఖర్చు పెద్ద భారమేమీ కాదు. అయితే ప్రచారం కోసం చేసే స్పాన్సర్‌షిప్‌ను ఈ పద్దులో రాయడానికి నిబంధనలు ఒప్పుకోవు. కాబట్టి చైనాలోలా జట్టుకు కంపెనీ పేరు తగిలించలేం, పటాన్‌చెరు జట్టు అనే పిలవాలి. పేరు రాని చోట ప్రైవేటు యాజమాన్యాలు వెనకాడితే రామచంద్రాపురం భెల్ వంటి ప్రభుత్వ రంగ సంస్థలు ముందుకు రావాలి. ఓఎన్‌జీసీ హంపికి ఉద్యోగమిచ్చి ఆడించింది. ఆటగాళ్లను జీతాల పట్టీలో పెట్టుకోవడం ఆ రంగానికి కొత్తేమీ కాదు.