పీడీఎఫ్ ఉందా?

రచయిత తన కొత్త పుస్తకం ముఖచిత్రం ఫేస్‌బుక్‌లో పెడతాడు. అభినందనల మధ్య ఎవరో అడుగుతారు: ‘పీడీఎఫ్ ఉందా?’ అడిగేది ఎవరో కాదు, మనమే. తెలుగు భాషా దినోత్సవమని ఆగస్టు 29న గిడుగు ఫొటో పెట్టి తెలుగు బతకాలని రాసేదీ, మర్నాడు టెలిగ్రామ్‌లో నిన్నగాక మొన్న వచ్చిన నవల స్కాన్ పంచేదీ మనమే. పైగా దానికి సాహిత్య సేవ అని పేరు పెట్టుకున్నాం.

గురజాడ 1915లో పోయారు. ఆయన రచనలు ఎవరైనా వేసుకోవచ్చు, పంచుకోవచ్చు. చలం సంగతి అలా కాదు. రచయిత పోయిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు హక్కులు వారసులవని మన కాపీరైట్ చట్టం. చలం పోయింది 1979లో కనుక 2039 చివరిదాకా, శ్రీశ్రీ పోయింది 1983లో కనుక 2043 చివరిదాకా. ఈ లెక్క మనలో ఎంతమందికి తెలుసు? ‘పాత పుస్తకమే కదా’ అన్నది మన న్యాయశాస్త్రం. స్కాన్ మొదటి పేజీలో గ్రంథాలయం ముద్ర కనిపిస్తుంటే అదే అనుమతి పత్రమన్నట్టు ముందుకు తోసేస్తాం.

పాఠకులనే అనడం న్యాయం కాదు. ప్రచురణకర్తలూ రచయితలూ నోటిమాటతో పని కానిచ్చేశారు. కాగితం అడిగితే అనుమానించినట్టుంటుందని మొహమాటం. హక్కులు రాసిచ్చిన కాగితంలో గడువు లేకపోతే అది ఐదేళ్లేనని చట్టం రచయిత పక్షాన చెబుతోంది. అసలు కాగితమే లేనిచోట ఆ రక్షణ ఎవరికి? ఇక వారపత్రికల స్వర్ణయుగం గురించి మురిసిపోయేటప్పుడు, ‘ఆంగ్లకథ ఆధారంగా’ అన్న ముక్క కింద మూలరచయిత పేరు లేకుండా అచ్చేసిన కథల్ని మాత్రం తలచుకోం. పరాయి దేశాల రచయితల హక్కుల్నీ కాపాడాలనే బెర్న్ ఒప్పందంలో 1928 నుంచీ ఉన్న దేశం మనది.

ఇప్పుడు కృత్రిమ మేధ వచ్చింది. 2024 నవంబరులో ఏఎన్ఐ వార్తాసంస్థ ఓపెన్‌ఏఐ మీద ఢిల్లీ హైకోర్టుకెక్కితే మనం చప్పట్లు కొట్టాం. అడగకుండా మా రాతలు యంత్రానికి ఎలా మేపుతారని సభలు పెడుతున్నాం. ప్రశ్న సరైనదే, వదలకూడనిదే. కానీ జీవించి ఉన్న రచయితల పుస్తకాల్ని, వాళ్లనొక్క మాటైనా అడక్కుండా, ఎవరు దింపుకున్నా అభ్యంతరం లేదన్నట్టు ఇంటర్నెట్‌లో పోగేసి పెట్టింది ఏ కంపెనీ?

వీటన్నిటికంటే సిగ్గుపడాల్సింది ఒకటుంది. చూపులేనివారు చదువుకునేందుకు వీలైన రూపంలోకి పుస్తకాన్ని లాభాపేక్ష లేకుండా మార్చి ఇవ్వడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదని కాపీరైట్ చట్టానికి 2012లో చేసిన సవరణ చెప్పింది. అంధ పాఠకుల కోసం కుదిరిన మరాకేష్ ఒప్పందాన్ని 2014లో అన్ని దేశాలకంటే ముందు ఆమోదించింది కూడా భారతదేశమే. మనం తయారుచేసిన వేల పీడీఎఫ్‌లు చాలావరకు పేజీల ఫొటోలు. తెరమీది అక్షరాల్ని పైకి చదివే సాఫ్ట్‌వేర్‌కు అవి మూగవి. చట్టం వద్దన్న పని రాత్రుళ్లు కూర్చుని చేశాం. చేయవచ్చన్న పనికి అక్షరాలు టైపు చేయాలి, తప్పులు దిద్దాలి, ఓపిక కావాలి. దానికి మాత్రం గ్రూపులో ఎవరూ చెయ్యెత్తలేదు.