ఈ ఉగాదికి పూల బిల్లు వద్దు, ఆకులు తెండి



ఉగాది కమిటీ కూర్చోబోతోంది. ఎప్పుడూ వచ్చే ఖర్చులు మూడు: హాలు బాడుగ, భోజనాలు, పూల అలంకారం. మొదటి రెండింటి మీద నాకు పేచీ లేదు. మూడో దాని మీద ఉంది. రిటైరైన గుమాస్తాకు టైము ఎక్కువ, అందుకని కాస్త పొడుగుగానే రాస్తున్నాను, ఓపిక పట్టండి.

నేను చెప్పేది ఇంతే. ఈసారి వేదికకు, గుమ్మాలకు, వీలైతే మన ఇండ్లకు కూడా పూలు కొనవద్దు. పెరట్లో, కుండీల్లో, మిద్దె మీద ఉన్న ఆకులు కోసి అలంకరిద్దాం. దేవుడి పటానికి ఒక మూర పువ్వు వేరే సంగతి, అందులో నేను తల దూర్చను.

ధర మీకు తెలియనిది కాదు. ముహూర్తం రోజుల్లో మల్లె కిలో వెయ్యి దాటుతుంది. పొంగలి ముందు మూడు వేలు దాటిన రోజులూ చూశాం. మదురై మల్లెకు 2013లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, గొప్ప పువ్వే, కాదనను. కానీ పొద్దున కోసిన మొగ్గ రాత్రికి విచ్చుకుంటుంది, మర్నాటికి గోధుమ రంగుకు తిరుగుతుంది. నేను పార్సిల్ ఆఫీసులో ఉన్న ఏళ్ళలో పూల బుట్టలు, తమలపాకు కట్టలు రెండూ చేతుల మీదుగా పోయేవి. బండి రెండు గంటలు లేటయితే పూల వ్యాపారి ముఖం మాడిపోయేది. తమలపాకు ఆయన టీ తాగి నిదానంగా వచ్చేవాడు. తడి చుట్టి కట్టిన ఆకు వారం దాకా పచ్చగానే ఉంటుందని ఆయనకు తెలుసు.

పూలే మన ఆచారం, ఆకులు పెట్టడం హోటళ్ళ ఫ్యాషన్ అని పోయిన సారి ఒకరన్నారు. కొంచెం ఆలోచించండి. పండగంటే ముందు గుమ్మానికెక్కేది మామిడాకే. వినాయక చవితికి పూజ చేసేదే 21 రకాల పత్రితో. మాచిపత్రి, మారేడు, గరిక, ఉత్తరేణి, జిల్లేడు, జమ్మి, రావి, దానిమ్మ, మరువం అన్నీ అందులో ఉన్నాయి. ఇక మన సేలం, ఈరోడు, కోయంబత్తూరు పక్కన భోగినాడు వేపాకు, తంగేడు, కొండపిండి కలిపి చూరుకు కడతారు. దాన్ని కాప్పు కట్టడం అంటాం. తమిళవాళ్ళ దగ్గర నేర్చుకున్నామో, మనమూ చేస్తూ వచ్చామో, ఇప్పుడు మన ఇండ్లల్లోనూ ఉంది. పెళ్ళి పందిరికి అరటి చెట్లు, లేత కొబ్బరాకు తోరణం. వీటిలో ఏది హోటలువాడు కనిపెట్టాడు?

నేను చదివింది తమిళ మీడియం. నాకు మావిలై, వేప్పిలై, కురుత్తోలై అనే మాటలే ముందు నోటికొస్తాయి. మామిడాకు, వేపాకు అన్నవి అమ్మ తోరణం కట్టేటప్పుడు విని నేర్చుకున్నవి, పుస్తకంలో కాదు. నా మనవరాలు అన్నిటికీ 'లీఫ్' అంటుంది. పువ్వు మార్కెట్ నుంచి మూరల లెక్కన కట్టి వస్తుంది, అందులో పిల్లలకు నేర్పేదేమీ మిగలదు. ఆకు కోయాలంటే చెట్టు దగ్గరికి పోవాలి. పోతే పేరు అడుగుతారు.

అసలు సంగతికి వస్తాను. మా అక్కయ్యకు నలభై దాటగానే బావగారు పోయారు. ఆ మరుసటి పండగ నుంచి పూలు కట్టే చాప దగ్గరికి రావడం మానేసింది. ఎవరూ వద్దనలేదు. రమ్మనీ అనలేదు. మన హాల్లో నేను ఏటా చూస్తున్నదీ ఇదే. ఆడవాళ్ళు గుంపుగా కూర్చుని పూలు కడుతుంటే, నలుగురైదుగురు మాత్రం వెనక వంటల వైపు బెండకాయలు తరుగుతూ ఉంటారు. ఎవరో పేర్లు చెప్పను, మీకు తెలుసు. సంఘం పెట్టిన రోజు నుంచి చందా కట్టినవాళ్ళు కూడా వాళ్ళలో ఉన్నారు.

పువ్వుకు ఎవరు పెట్టుకోవచ్చు, ఎవరు ముట్టుకోవచ్చు అనే లెక్క ఉంది. క్రోటన్ ఆకుకు, ఫెర్న్‌కు ఆ లెక్క ఇంకా ఎవరూ రాయలేదు. మామిడి తోరణానికి మాత్రం కొందరి ఇండ్లల్లో ఉంది, దాన్ని మన హాలు వరకైనా కమిటీ ఎత్తేయాలి. 'అయితే పూల విషయంలోనే ఆ కట్టుబాటు తీసేయొచ్చు కదా' అంటారా? తీసేయండి, మొదటి చెయ్యి నేనెత్తుతాను. కానీ దానికి ఇంకెన్నేళ్ళు పడుతుందో, ఉగాది మాత్రం వచ్చేసింది. అక్కయ్య ఇప్పుడు తన ఇంటి ముందు గదిలో ఇత్తడి చెంబులో క్రోటన్ రెమ్మలు, పొడుగాటి ఫెర్న్ పెడుతుంది. వచ్చినవాళ్ళు ఆగి చూస్తారు. ఎవరు పెట్టారని అడుగుతారు. అప్పుడు ఆమె ముఖం చూడాలి.

పని సంగతి. ఎండ రాకముందే కోయండి. కాడ ఏటవాలుగా కోసి వెంటనే నీళ్ళలో పెట్టండి, నీళ్ళలో మునిగే ఆకులు తుంచేయండి, లేకపోతే కుళ్ళి వాసన వస్తుంది. క్రోటన్, డ్రసీనా వారం పైగా నిలుస్తాయి. మనీప్లాంట్‌కు వేళ్ళే వస్తాయి, తర్వాత కుండీలో పెట్టుకోవచ్చు. నీళ్ళు రెండు రోజులకోసారి మార్చండి. నిలవ నీళ్ళలో డెంగీ దోమ గుడ్లు పెడుతుంది, కార్పొరేషన్ వాళ్ళు వచ్చి సీసాలు తిరగేసి చూసేది అందుకే. గన్నేరు వద్దు, చుక్కల ఆకుల డిఫెన్‌బేకియా వద్దు, పిల్లలు నోట్లో పెట్టుకుంటే ప్రమాదం. క్రోటన్ పాలు కూడా కొందరి చేతులకు దురద పెడతాయి, కోశాక కడుక్కోండి. పూలకొట్టులో ఇచ్చే ఆకుపచ్చ స్పంజి దిమ్మ కొనకండి, అది మట్టిలో కలవదు. చెంబులో గులకరాళ్ళు వేస్తే చాలు.

ప్లాస్టిక్ తోరణాల గురించి ఒక్క మాట. మన రాష్ట్రంలో ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ 2019 జనవరి 1 నుంచి నిషేధం. కూరగాయలకు గుడ్డ సంచి పట్టుకుపోతాం, గుమ్మం మీద మాత్రం ప్లాస్టిక్ మామిడాకు దుమ్ము పట్టి ఏడాదంతా వేలాడుతుంది. మన హాలుదీ కలిపే చెబుతున్నాను, కోపం వద్దు.

మా పెరటి చెట్టు నుంచి రెండు గోనె సంచుల మామిడాకులు నేను తెస్తాను. కొబ్బరాకు తోరణం మడవడం తెలిసిన పెద్దలు ఎవరున్నారో కింద చెప్పండి, పిల్లలకు నేర్పాలి. శుభానికి మడిచే తీరు వేరు, అశుభానికి వేరు, నాకు ఆ చెయ్యి తిరగలేదు. ఏర్కాడులో తెలిసినవాళ్ళుంటే ఫెర్న్ అడగండి. ముందు రోజు సాయంత్రం నాలుగింటికి హాల్లో చాపలు వేయిస్తాను. వెనక వైపు కూర్చునే అక్కయ్యలను ముందు చాప మీదికి పిలిచే పని సెక్రటరీగారి శ్రీమతి గారు తీసుకుంటే బాగుంటుంది, మగవాళ్ళం పిలిస్తే రారు. కత్తెర ఎవరిది వాళ్ళే తెచ్చుకోండి.