గుజిరీలోని తాళపుచెవి

తొలకరి వాన వెలిసిన మఱునాడు జొన్నగిరి, తుగ్గలి చేలలో జనులు నేలచూపులతో తిరుగుట కర్నూలు జిల్లా పడమటి సీమవారికి క్రొత్తగాదు. మట్టిలో మెఱసిన రాయి వజ్రమగునేమో యన్న ఆశ వారిని నడిపించుచుండును. చిప్పగిరి మొదలు ఆదోని, ఎమ్మిగనూరు వఱకు గల గుజిరీ దుకాణములలో ఇట్టి వెదకులాట మఱియొకటి జరుగవలసియున్నది. అక్కడ వెదకవలసినది పాత కంప్యూటరు. ఈ మాట వినినవారికి నవ్వు రావచ్చును. కాని తెలుగు వాఙ్మయముపై మక్కువ గలవారు ఒక్క నిమిషము ఆగి ఆలోచింపదగిన విషయమిది.

కాలము చెల్లిన కంప్యూటరు పోవు దారి అందఱెఱిగినదే. కచేరీలోనో, బడిలోనో, ముద్రణశాలలోనో అది కొన్నియేండ్లు పనిచేయును. పిమ్మట మూలగదిలో దుమ్ముపట్టి పడియుండును. ఒకనాడు వేలమునకో, పాతసామాను బండికో పోవును. గుజిరీ వర్తకుడు దానిని విప్పి తక్కెడలో పెట్టును. పైడొల్ల రేకునకు ఒక ధర, తీగలలోని రాగికి ఒక ధర, లోపలి సర్క్యూటు పలకలకు వేఱొక ధర. ఆ పలకలలో రవ్వంత బంగారముండుటచే అవి మూటలుగట్టబడి నగరములకు పోవును. ఇందు వర్తకుని తప్పేమియు లేదు. వాడి పాఱవేసిన లోహమును మరల లోకమునకందించుట మేలైన పనియే. అతనికి తెలిసినది బరువు. బరువు గాక అందులో ఇంకేమున్నదో చెప్పవలసినవారు చదువుకొన్నవారు. వారు చెప్పుటలేదు.

పాత యంత్రముల వేట ఇతర దేశములలో ఎంతోకాలముగ సాగుచున్నది. 1976లో వెలువడిన మొదటి యాపిల్ కంప్యూటర్లు సుమారు 200 మాత్రమే తయారైనవి. 2015లో కాలిఫోర్నియాలోని మిల్పిటాస్ పట్టణమున ఒక మహిళ, గతించిన భర్త గ్యారేజీలోని సామాను పెట్టెలలో నింపి, పాత పరికరములను విడదీయు కేంద్రమునకిచ్చి, పేరైనను చెప్పక వెడలిపోయెను. కొన్నివారములకు ఆ పెట్టెలను విప్పిచూడగా ఒకదానిలో ఆ యాపిల్ యంత్రముండెను. అది 2,00,000 డాలర్లకు అమ్ముడుపోయెను. సగము సొమ్ము ఆమెకు చెందవలెనని కేంద్రమువారు ఆమెకై వెదకిరి.

ధనమునకై వెదకువారి మాట అట్లుండనిండు. తెలుగువారికి ఈ వేటతో గల సంబంధము వేఱు. 1980 దశకము చివరినుండి సుమారు ఇరువదియేండ్లపాటు తెలుగు అక్షరము కంప్యూటరులో ఒక్క తీరున నిలువలేదు. 1991లో భారతీయ లిపులకు ఇస్కీ అను ప్రామాణిక సంకేతము ఏర్పడెను. ఆ యేడే యూనికోడ్ మొదటి కూర్పులో తెలుగునకు చోటు దొరకెను. అయినను ముద్రణశాలలు వేని దారి వానిదిగా నడచినవి. ఒక సంస్థ ఫాంటులో ఒక అక్షరమునకు పెట్టిన సంఖ్య, మఱియొక సంస్థ ఫాంటులో గుణింతపు గుర్తునకో, ఒత్తునకో చెందియుండెను. 2001లో విండోస్ ఎక్స్‌పీతో కూడ ‘గౌతమి’ ఫాంటు వచ్చిన పిమ్మటను అచ్చుపనివారు పాత ఫాంటులను చాలకాలము విడువలేదు. ఆ కాలపు కవితాసంపుటములు, కళాశాల సంచికలు, ఊరి చరిత్రలు, నాటకములు ఫ్లాపీలలోను, పాత హార్డుడిస్కులలోను నిక్షేపింపబడినవి. వానిలో కొన్ని అచ్చైనవి. డబ్బు చాలక ఆగిపోయినవి కొన్ని. కవి కాలధర్మము చెందగా ఆ కట్టను అడుగువాడు లేక మిగిలినవి కొన్ని.

ఈనాటి కంప్యూటరునకు ఫ్లాపీ దూర్చుటకు చోటే లేదు. ఎట్లో ఫైలును బయటికి తీసినను అక్షరములకు మాఱుగా ఇంగ్లీషు వర్ణములు, గుర్తులు కలగాపులగముగ కనబడును. పుటలు కూర్చిన పేజిమేకర్ ప్రోగ్రామునకు 2001లో వెలువడిన ఏడవ కూర్పే చివరిది. కొన్ని ఫాంటుల ప్రోగ్రాములు యంత్రము వెనుక చిన్న తాళమును తగిలించిననే తెఱచుకొనెడివి. ఆ తాళము పట్టు ద్వారము నేటి యంత్రములకు లేదు. కావున పాత గ్రంథమునకు పాత యంత్రమే తాళపుచెవి. ఆ తాళపుచెవిని మనము కిలోల లెక్కన అమ్ముచున్నాము.

పత్తికొండ ప్రాంతముననే ఉన్న ఎఱ్ఱగుడి బండలపై అశోకుని శాసనములు గలవు. రెండువేల రెండువందల యేండ్లకు పైగా ఎండకు ఎండి వానకు తడిసియు ఆ అక్షరములు నిలిచియున్నవి. అయినను బ్రాహ్మీలిపి చదువగలవారు లేకపోవుటచే అశోకుని శాసనములు పెక్కు శతాబ్దములు మూగవోయినవి. 1837లో జేమ్స్ ప్రిన్సెప్ ఆ లిపి మర్మము విప్పిన పిమ్మట అవి పలికినవి. రాయి అంతకాలము వేచియుండగలిగెను. ఫ్లాపీ వేచియుండలేదు. దాని అయస్కాంతపు పూత తేమకు, బూజునకు నశించిపోవును. చదువు నేర్చిన కన్ను శాసనమునకు చాలును. ఫ్లాపీకి ఎంత చదువు నేర్చిన కన్నైనను చాలదు.

ఇది వట్టి భయమనుకొనరాదు. ఇంగ్లండులో 1086 నాటి డూమ్స్‌డే గ్రంథమును నేటికిని చదువవచ్చును. దాని 900 ఏండ్ల ఉత్సవమునకై బి.బి.సి. వారు 1986లో దేశ జనజీవనమును లేజరు పళ్లెములలో భద్రపఱచిరి. 2002 నాటికి ఆ పళ్లెములను చదువు యంత్రములు అరుదైపోయి, వానిలోని విషయమును రక్షించుటకు ప్రత్యేకముగ పాటుపడవలసివచ్చెను. అమెరికాలో 1966, 1967 సంవత్సరములలో లూనార్ ఆర్బిటర్ నౌకలు పంపిన చంద్రుని చిత్రముల టేపుల కథయు ఇట్టిదే. వానిని చదువు యంత్రములను నాన్సీ ఎవాన్స్ అను ఉద్యోగిని ఏండ్ల తరబడి తన గ్యారేజీలో దాచియుంచెను. ఆ యంత్రములను బాగుచేసిన పిమ్మటనే 2008లో, చంద్రుని అంచున భూమి కనబడు చిత్రము మున్నెన్నడు లేని స్పష్టతతో వెలువడెను. ఆమె వానిని పాతసామాను బండికి వేసియున్నచో ఆ టేపులు ఉండియు లేనివే.

ఈ దాచుబుద్ధి తెలుగువారికి తెలియనిది కాదు. బ్రౌను దొర కడపలో సొంత సొమ్ముతో పండితులను పెట్టి వ్రాతప్రతులు తెప్పించి శుద్ధప్రతులు వ్రాయించెను. మానవల్లి రామకృష్ణకవి తాటాకు కట్టలలో వెదకి వెదకి నన్నెచోడుని కుమారసంభవమును 1909లో లోకమునకు చూపెను. 1755లో చిప్పగిరిలో దేహము చాలించిన విజయదాసుల కన్నడ కీర్తనలు గాయకుల కంఠములందును, వ్రాతప్రతులందును నిలిచి నేటివఱకు వచ్చినవి. వానిని అందుకొనుటకు వినువాడో, చదువువాడో ఉండిన చాలెను. నేటి వాఙ్మయమును అందుకొనుటకు మూడవదియొకటి కావలసివచ్చినది. అదే యంత్రము.

యంత్రము తానును చరిత్రకు సాక్షియే. 1967లో హైదరాబాదులో వెలసిన ఇ.సి.ఐ.ఎల్. సంస్థ 1969లో టి.డి.సి.-12 అను కంప్యూటరును, 1975లో టి.డి.సి.-316ను వెలువరించినది. 1984లో కేంద్రప్రభుత్వము ‘క్లాస్’ పథకము క్రింద దేశమున సుమారు 250 పాఠశాలలలో బి.బి.సి. మైక్రో కంప్యూటర్లు పెట్టించినది. ఎమ్మిగనూరులో మగ్గమును చూపి నేతచరిత్ర చెప్పవచ్చును. ఈ యంత్రములను చూపి ఆ చరిత్ర చెప్పుటకు పల్లె విద్యార్థిని ఎచటికి తీసికొనిపోవలెను?

చెత్తను ఇంట నింపుకొనుట వెఱ్ఱియని ఆక్షేపించువారు గలరు. వారి మాటలో నిజము లేకపోలేదు. పాత తెరల గాజులో సీసము గలదు. తీగలను కాల్చిన పొగ ఆ పనిచేయువారికిని, వారి బిడ్డలకును విషము. 2022లో చేయబడి 2023 ఏప్రిల్ 1 నుండి అమలైన ఇ-వ్యర్థముల నిబంధనలు ఉత్పత్తిదారులపై బాధ్యత మోపినవి. అవి మంచివే. అన్నిటిని దాచుమని ఎవరును కోరుట లేదు. నూటికి తొంబదితొమ్మిది కరగిపోదగినవే. మిగిలిన ఆ ఒక్కటి ఏదో ఏఱుటయే ముఖ్యము. నిబంధనల లెక్క బరువుతో నడచును. ఏఱుట బరువుతో అగు పనికాదు.

ఏఱువాడు మొదట చూడవలసినది ఫ్లాపీ ద్వారము. అది అయిదుంబావు అంగుళములదో, మూడున్నర అంగుళములదో గమనింపవలెను. వెనుకవైపు ఇరువదియైదు రంధ్రముల ప్రింటరు ద్వారమున్నదా, ఫాంటు తాళము దానికి తగిలియే యున్నదా యని చూడవలెను. ఇంటికి తెచ్చినవెంటనే కరెంటు ఇయ్యరాదు. 1990 ప్రాంతపు పలకలలో పెక్కింటిపై చిన్న పీపావంటి బ్యాటరీ ఉండును. అది కాఱి రాగిగీతలను తినివేయును కనుక ముందుగ దానిని తీసివేయవలెను. డిస్కులో పరుల ఉత్తరములు, లెక్కలు ఉండవచ్చును. సొంతదారు సమ్మతి లేక వానిని తెఱచుట మర్యాద గాదు.

ఇది ఒక్కరి సరదాగ మిగిలిపోరాదు. జిల్లా గ్రంథాలయ సంస్థలును, కళాశాలల తెలుగుశాఖలును పనిచేయు పాత యంత్రమును ఒక్కటియైనను నిలుపుకొనవలెను. కచేరీలు వేలమునకు ముందు ఒక్కదినము ఈ ఏఱుటకు విడువవలెను. అటకపై ఫ్లాపీలున్న రచయితలు వానిని బయటికి తీయవలెను. గుజిరీ వర్తకునితో ఒక్క మాట చెప్పియుంచిన చాలును: “అన్నా, ఫ్లాపీ ఉండే పెట్టె వస్తే పగలగొట్టాకు, పక్కన పెట్టు.” కిలో ధరపై మఱి కొన్ని రూపాయలిచ్చిన అతడును సంతోషించును.

తాటాకు మూడువందల యేండ్లు ఓపిక పట్టి మానవల్లివారి కొఱకు వేచియుండగలదు. ఫ్లాపీలకు ఇప్పటికే ముప్పదియేండ్లు నిండుచున్నవి.