పొట్టకు పట్టీ వేయించుకున్న తరువాత: భోజనం, నిగ్రహం

స్థూలకాయానికి శస్త్రచికిత్స చేయించుకున్నవారిని మన సమాజం రెండు విధాలుగా చూస్తుంది. ‘నోరు కట్టుకోలేక కోత కోయించుకున్నాడు’ అనేవారు కొందరు. ‘ఇక నీకేమిటి, ఏం తిన్నా లావెక్కవు’ అనేవారు మరికొందరు. విచిత్రమేమిటంటే చికిత్స చేయించుకున్న వ్యక్తి కూడా ఈ రెండు మాటలనూ సగం సగం నమ్ముతాడు. ఆపరేషన్‌కు ముందు మొదటి మాటకు సిగ్గుపడతాడు. ఆపరేషన్ అయ్యాక రెండవ మాట మీద ఆశ పెట్టుకుంటాడు. రెండూ తప్పేనని నా అభిప్రాయం. ముఖ్యంగా గ్యాస్ట్రిక్ బ్యాండు విషయంలో ఈ అపోహలు చేసే చేటు ఎక్కువ. ఎందుకంటే ఇతర స్థూలకాయ శస్త్రచికిత్సల కంటే దీని ఫలితం, మనిషి విస్తరి ముందు ఎలా కూర్చుంటాడన్న దానిపై మరింతగా ఆధారపడి ఉంటుంది.

ముందుగా ఆ పరికరం సంగతి. ఇది సిలికోన్‌తో చేసిన మెత్తని పట్టీ. ఆహారవాహిక జీర్ణాశయంతో కలిసే చోటుకు కొద్దిగా దిగువన దీనిని ఉంగరంలాగా చుట్టి బిగిస్తారు. పట్టీ లోపలి వైపు ఒక బుడగ ఉంటుంది. దాని నుండి సన్నని గొట్టం ఒకటి వచ్చి, పొట్ట చర్మం కింద అమర్చిన చిన్న పోర్టుకు కలుస్తుంది. ఆ పోర్టులోకి సూదితో సెలైన్ ఎక్కిస్తే పట్టీ బిగుసుకుంటుంది, వెనక్కు తీస్తే వదులవుతుంది. పట్టీకి పైన మిగిలే సంచిలో పట్టేది ఒకటి రెండు పెద్ద చెంచాల పదార్థం మాత్రమే. జీర్ణాశయాన్ని కోయడం గానీ, ప్రేవుల దారి మళ్ళించడం గానీ ఇందులో ఉండదు.

దీనిని ల్యాప్రోస్కోపు ద్వారా తొలిసారి అమర్చినవారు బెల్జియంలో పనిచేసిన డాక్టర్ మితికు బెలాచ్యూ, 1993లో. అమెరికాలో 2001లో అనుమతి లభించింది. ఆ తరువాత పదేళ్ళు దీని వైభవం అంతా ఇంతా కాదు. 2011 నాటికి అక్కడ జరిగే స్థూలకాయ శస్త్రచికిత్సలలో మూడవ వంతుకు పైగా ఇదే. 2018 నాటికి నూటికి ఒకటికి దిగజారింది. ఇప్పుడు అక్కడా, మన ఆసుపత్రులలోనూ స్లీవ్, బైపాస్ శస్త్రచికిత్సలదే పైచేయి. అయినా ఆనాడు వేయించుకున్న పట్టీతోనే నేటికీ జీవిస్తున్నవారు ప్రపంచంలో ఎందరో ఉన్నారు. విదేశాలలో స్థిరపడిన మన పిల్లలలోనూ అటువంటివారు కొందరు తారసపడుతున్నారు. సెలవులకు ఇంటికి వచ్చి అమ్మ చేతి భోజనానికి కూర్చున్నప్పుడు వారికి అసలు పరీక్ష మొదలవుతుంది.

పట్టీ ‘ఆహారానికి అడ్డుకట్ట’ అని చాలామంది అనుకుంటారు. అందుకే ఎంత బిగిస్తే అంత మంచిదన్న భావన ఏర్పడింది. మెల్‌బోర్న్‌లో ఈ చికిత్సపై దశాబ్దాల తరబడి పనిచేసిన డాక్టర్ పాల్ ఓబ్రియన్, ఆయన సహచరులు చెప్పినది వేరు. పట్టీ సరైన బిగువులో ఉన్నప్పుడు ముఖ్యంగా చేసే పని ఆకలిని తగ్గించడం. బాగా నమిలిన చిన్న ముద్ద పట్టీ దగ్గరకు చేరగానే ఆహారవాహిక దానిని కొద్దికొద్దిగా కిందికి నెడుతుంది. ఒక్క ముద్ద పూర్తిగా దాటడానికి ఒక నిమిషం దాకా పట్టవచ్చు. ఆ ఒత్తిడిని అక్కడి నాడులు మెదడుకు తెలియజేయడం వల్లనే కొద్ది ఆహారంతో తృప్తి కలుగుతుందని భావిస్తున్నారు. మొదటి ముద్ద దాటక ముందే రెండవది, దాని వెనుక మూడవది వచ్చి పడితే తృప్తి కలగదు. రొమ్ములో పట్టేసినట్టు నొప్పి, నోట నురుగుతో కూడిన లాలాజలం, చివరకు వాంతి కలుగుతాయి. ఇలాగే నెలల తరబడి సాగితే పైసంచి, ఆహారవాహిక సాగిపోతాయి.

ఇక్కడే మన భోజన పద్ధతి అడ్డం వస్తుంది. తెలుగువారిది ముద్ద భోజనం. అన్నంలో పప్పు వేసి, నెయ్యి వడ్డించుకుని, వేళ్ళతో మెత్తగా కలిపి, నిమ్మకాయంత ముద్ద చేసి నోట్లో పెట్టుకుంటాం. కలపడంలోనే సగం నమలడం అయిపోయిందన్నట్టుగా రెండుసార్లు దవడ ఆడించి మింగేస్తాం. చిన్నపిల్లలకు గోరుముద్దలు తినిపించే తల్లికి ముద్ద పరిమాణం గురించి ఉన్న జ్ఞానం, పెద్దవారమయ్యాక మనకు ఉండదు. పట్టీ ఉన్నవారికి కావలసినది ఆ గోరుముద్దే. బొటనవేలి గోరంత ముద్ద, మెత్తటి గుజ్జు అయ్యేదాకా నమలడం, మింగిన తరువాత ఒక నిమిషం ఆగడం. ఒక పూటకు అరకప్పు నుండి ఒక చిన్న కప్పు వరకు ఆహారం, దానికి ఇరవై నిమిషాల సమయం. ఇది చదవడానికి సులువుగానే ఉంటుంది. పక్కవాడు పెరుగన్నంలోకి వచ్చినప్పుడు మనం ఇంకా నాలుగవ ముద్ద మీద ఉండడం ఎంత కష్టమో బంతిలో కూర్చున్నవారికి గానీ తెలియదు.

మన వడ్డన క్రమం కూడా ఆలోచించదగినది. పప్పుతో అన్నం, కూరతో అన్నం, పులుసుతో అన్నం, చారుతో అన్నం, చివరకు పెరుగుతో అన్నం. ఏ వంటకమైనా అన్నాన్ని లోపలికి పంపడానికి ఒక వాహనమే. అరకప్పు మాత్రమే పట్టే మనిషి అన్నంతో మొదలుపెడితే మాంసకృత్తులకు చోటు మిగలదు. వీరికి రోజుకు కనీసం 60 గ్రాముల మాంసకృత్తులు అవసరమని సాధారణంగా సూచిస్తారు. ఒక కోడిగుడ్డులో ఉండేది ఆరు గ్రాములు. కనుక క్రమాన్ని తలకిందులు చేయక తప్పదు: గుడ్డు, చేప, ముద్దపప్పు, పనీర్, ఉడికించిన శనగలు వంటివి ముందు, కూరగాయలు తరువాత, అన్నం చివరన, చోటుంటేనే. కూర నంజుకుని అన్నం తినే అలవాటు మానుకుని, అన్నం నంజుకుని కూర తినడం నేర్చుకోవాలి. ములక్కాడ పీచు, ముదిరిన తోటకూర కాడలు, గట్టి మాంసం, తాజా బ్రెడ్డు, ముద్దగా అతుక్కుపోయిన అన్నం పట్టీ దగ్గర ఇరుక్కునే పదార్థాలు. వీటితో ఎవరి అనుభవం వారిదే. నెమ్మదిగా పరీక్షించి చూసుకోవాలి.

భోజనం మధ్యలో నీళ్ళు తాగవద్దనీ, తిన్నాక అరగంట ఆగమనీ వీరికి చెబుతారు. కడుపులో రెండు పాళ్ళు అన్నానికి, ఒక పాలు ద్రవానికి, ఒక పాలు వాయువుకు విడిచిపెట్టమని వాగ్భటుడు చెప్పిన మాట మన పెద్దలకు కంఠస్థం. పట్టీ ఉన్నవారు ఆ ద్రవభాగాన్ని వేరే వేళకు వాయిదా వేసుకోవాలి, అంతే. నీళ్ళు పైసంచిలోని ఆహారాన్ని కడిగి కిందికి పంపిస్తే తృప్తి నిలవదని ఈ సలహా వెనుక ఉన్న ఆలోచన.

ఇప్పుడు అసలు చిక్కు దగ్గరకు వస్తాను. పట్టీ ఘన పదార్థాన్ని ఆపగలదు గానీ ద్రవాన్ని ఆపలేదు. జొన్నరొట్టె ముక్క ఇరుక్కునే చోట పాయసం జారిపోతుంది. ఐస్‌క్రీం, లస్సీ, బాదంపాలు, పండ్లరసం, చాక్లెట్, పెరుగన్నం, చక్కెర వేసిన జావ, ఇవన్నీ ఏ ఇబ్బందీ లేకుండా వెళతాయి. రోజుకు నాలుగు కాఫీలు తాగే వ్యక్తి, కాఫీకి రెండు చెంచాల చక్కెర చొప్పున, పాల సంగతి వదిలేసినా 160 కేలరీలు తెలియకుండానే తీసుకుంటున్నాడు. ‘డాక్టరుగారూ, నేను అసలేమీ తినడం లేదండీ, అయినా బరువు పెరుగుతున్నాను’ అనే మాట వెనుక చాలాసార్లు ఉండేది ఇదే. ఆయన అబద్ధమాడడం లేదు. ఆయన దృష్టిలో ‘తినడం’ అంటే అన్నం తినడం. తాగినది లెక్కలోకి రాలేదు.

దీనిలో మరొక మెలిక ఉంది, అది సామాన్యుల ఊహకు అందనిది. పట్టీ మరీ బిగుతుగా ఉన్నప్పుడు ఘనాహారం తినడమే నరకమవుతుంది. పెసరట్టు తింటే వాంతి, కోడికూర తింటే నొప్పి. అప్పుడు మనిషి సహజంగానే జారిపోయే పదార్థాలకు అలవాటు పడతాడు. బరువు పెరుగుతుంది. పెరిగిందని వెళ్ళి పట్టీ ఇంకా బిగించమని అడుగుతాడు. నిజానికి అటువంటివారిలో చాలామందికి కావలసినది కొద్దిగా సెలైన్ తీసి పట్టీని వదులు చేయడం! వదులు చేస్తే మళ్ళీ గట్టి ఆహారం తినగలుగుతారు, దానితో తృప్తి తిరిగి వస్తుంది, పాయసం గిన్నె మీద దృష్టి తగ్గుతుంది. ఇటువంటి మనిషిని పట్టుకుని ‘నీకు నిగ్రహం లేదు’ అని మందలించడం వైద్యం అనిపించుకోదు.

అందుకే నిగ్రహం అన్న మాటను జాగ్రత్తగా వాడమంటాను. మన సంస్కృతిలో ఆ మాట వినగానే ఉపవాసం గుర్తుకు వస్తుంది. పట్టీ వేయించుకున్నవారిలో కొందరు పూటలు మానేసి, ఒక్కపొద్దులుండి, దానిని క్రమశిక్షణ అనుకుంటారు. శనివారం పగలంతా ఖాళీ కడుపుతో ఉండి, సాయంత్రం ‘ఫలహారం’ పేరుతో గారెలు, ఉప్మా, అరటిపండ్లు గబగబా తింటే ఆ చిన్న సంచి గతి ఏమిటి? ఇంతకంటే ప్రమాదకరమైన భ్రమ మరొకటుంది. వాంతిని ప్రాయశ్చిత్తంగా భావించేవారున్నారు. ఎక్కువ తిన్నాను, వాంతి అయింది, శిక్ష అనుభవించాను, లెక్క సరిపోయింది అన్న ధోరణి. రోజూ వాంతులవుతున్నాయంటే పట్టీ బిగువు ఎక్కువైనట్టో, అది జారినట్టో అనుమానించాలి. వాంతులు వారాల తరబడి కొనసాగితే థయమిన్ అనే బి1 విటమిన్ లోపించి, చూపు చెదరడం, నడక తూలడం, మతి తప్పడం వంటి నాడీ లక్షణాలు రావచ్చు; సకాలంలో చికిత్స అందకపోతే ఆ నష్టం శాశ్వతం కావచ్చు. కన్నవారింటికి వచ్చి ‘అమ్మ బాధపడుతుందని’ వాంతులను దాచిపెట్టే పిల్లలూ, దిష్టి తగిలిందని ఉప్పు తిప్పేసే తల్లులూ ఇది తెలుసుకోవాలి.

నా దృష్టిలో వీరికి కావలసిన నిగ్రహం చాలా సాధారణమైనది. ముద్దకూ ముద్దకూ మధ్య చేయి ఆపడం. ఆకలి తీరిందని తెలిసిన క్షణాన, ప్లేటులో మిగిలి ఉన్నా లేవడం. కొందరికి ఆ క్షణంలో వెక్కిళ్ళో, ముక్కు కారడమో, నిట్టూర్పో వస్తుంది, దానిని గుర్తుపట్టడం. అయితే ఆ లేవడమే మన ఇళ్ళలో మహా నేరం. అన్నం పారేయకూడదని నేర్పిన సంస్కారం మంచిదే, దానికి విరుగుడు తక్కువ వడ్డించడం. కానీ మనం ‘నా మీద ఒట్టు, ఇంకొక్క ముద్ద’ అంటాం. పెళ్ళి బంతిలో అతిథి చేయి అడ్డుపెట్టినా వేళ్ళ సందుల్లోంచి వడ్డించడం మనకు మర్యాద. మొహమాటానికి తిన్న ఆ ఒక్క ముద్ద పట్టీ దగ్గర అడ్డం పడితే, ఆ మనిషి బంతి మధ్యలోంచి లేచి పరుగెత్తవలసి వస్తుంది. ఒక్కరి నిగ్రహం గురించి ఇల్లంతా మాట్లాడుతుంది గానీ, ఇంటివారి నిగ్రహం గురించి ఎవరూ మాట్లాడరు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్ స్త్రీలలో 36 శాతం, తెలంగాణ స్త్రీలలో 30 శాతం అధిక బరువు ఉన్నవారే. కాబట్టి ఆ వంటింట్లో మార్పు వస్తే బాగుపడేది పట్టీ ఉన్న ఒక్కరే కాదు.

ఇంత పాటించినా ఫలితం ఎంత? ఉన్నదున్నట్టు చెప్పాలి. స్వీడన్‌లో 1987లో ప్రారంభమైన సుప్రసిద్ధ అధ్యయనంలో, పదిహేనేళ్ళ తరువాత పట్టీ వేయించుకున్నవారు సగటున తమ పూర్వపు బరువులో 13 శాతం తక్కువగా ఉన్నారు. బైపాస్ వారిలో అది 27 శాతం. 120 కిలోల మనిషికి పట్టీతో సుమారు 16 కిలోలన్నమాట. మెల్‌బోర్న్ బృందం 2013లో ప్రచురించిన పదిహేనేళ్ళ ఫలితాలు ఇంతకంటే మెరుగ్గా కనిపిస్తాయి: ఉండవలసిన దాని కంటే అదనంగా ఉన్న బరువులో 47 శాతం తగ్గుదల నిలిచింది. కొలమానాలు వేరు కనుక ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి పోల్చకూడదు. కానీ మెల్‌బోర్న్‌లో రోగులను విడిచిపెట్టకుండా ఏళ్ళ తరబడి పిలిపించి, బిగువు సరిచేసి, తిండి గురించి మళ్ళీ మళ్ళీ నేర్పారన్నది గమనించాలి. అంత శ్రద్ధ తీసుకున్న చోట కూడా నూటికి 26 మందికి పైసంచి సాగి మరల శస్త్రచికిత్స చేయవలసి వచ్చింది. కనుక పట్టీ విఫలమైన ప్రతి సందర్భంలోనూ రోగి నాలుకనే దోషిగా నిలబెట్టడం అన్యాయం. పరికరానికి లోపాలున్నాయి. ప్యాకేజీ ధరకు ఆపరేషన్ చేసి, ఆ తరువాత ముఖం చూడని వైద్యవ్యవస్థకూ ఇందులో వాటా ఉంది. పట్టీ వేసిన సర్జన్ వేరే దేశంలో ఉండి, మనిషి ఇక్కడ స్థిరపడితే, దగ్గరలోని స్థూలకాయ శస్త్రవైద్యుడిని ముందుగానే వెతికి, ఆపరేషన్ కాగితాలు, పట్టీ రకం, ఎంత సెలైన్ ఉన్నదీ చూపించి ఉంచుకోవడం మంచిది.

పాత పట్టీ ఉన్నవారు కొన్ని లక్షణాలను తిండి తప్పిదమని సరిపెట్టుకోకూడదు. రాత్రి పడుకున్నాక దగ్గు, తిన్నది గొంతులోకి రావడం, కొత్తగా మొదలైన గుండెమంట ఉంటే పట్టీ బిగువును, స్థానాన్ని పరీక్షించాలి. నీళ్ళు కూడా దిగకపోయినా, తీవ్రమైన కడుపునొప్పి వచ్చినా అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి. మోకాళ్ళ నొప్పులకని మందుల దుకాణంలో కొనుక్కునే నొప్పి మాత్రలు వీరి జీర్ణాశయానికి మంచివి కావు. పెద్ద మాత్రలైతే దారిలో ఇరుక్కుంటాయి కూడా. అన్నీ సవ్యంగా ఉన్నాయనుకున్న మనిషికి ఎన్నో ఏళ్ళ తరువాత పోర్టు ఉన్నచోట చర్మం ఎర్రబడి, చీము పట్టిందంటే, పట్టీ జీర్ణాశయపు గోడను ఒరుసుకుని లోపలికి చొచ్చుకుపోయిందేమో చూడాలి. దానికి పైపూత రాసి ఊరుకోకుండా ఎండోస్కోపీ చేయించమని అడగండి.