గృహనిర్వహణము: స్నానపుగది బాగుసేత

ఇల్లు కట్టించునపుడు వంటయింటిని గూర్చి పదిమంది పదివిధముల నాలోచింతురు. పూజగదికి దిక్కు చూతురు. వీథివసారాకు అందము చూతురు. స్నానపుగది మాత్రము మిగిలిన మూలకు పోవును. పసిబిడ్డ మొదలు ముదుసలి వఱకు ఇంటిలో ప్రతివారును ప్రతిదినమును పోవలసిన చోటది. తలుపు వైచుకొని ఒంటరిగా నుండవలసిన చోటును అదియే. అక్కడ కాలు జారినచో పట్టుకొనువారుండరు. కావున ఆ గదిని బాగుచేయింప దలచినవారికి మా యనుభవమును కొంత విన్నవించుచున్నాము.

మాయింటి స్నానపుగదికి 2014వ సంవత్సరమున టైల్సు వేయించితిమి. దుకాణమున అద్దమువలె మెఱయుచున్న తెల్లనివానిని జూచి ముచ్చటపడి యేరినవారము మేమే. "తడిసిన జారునేమో" యని మావారొకమాట యన్నను చెవిని బెట్టమైతిమి. గడచిన శ్రావణమున నొకరాత్రి మా అత్తగారు ఆ గదిలో జారిపడిరి. మణికట్టు ఎముక చిట్లి ఆఱు వారములు కట్టుతో నుండిరి. కట్టు విప్పిన పిదప కష్టము గడచినదనుకొంటిమి. కాని ఆమె ప్రొద్దుగ్రుంకిన తరువాత మజ్జిగయైనను పుచ్చుకొనుట మానిరి. ఆకలి మందగించినదని తలచి వాముకషాయము కాచియిచ్చితిమి. దానిని గూడ ముట్టలేదు. కడకొకనాడు మెల్లగా నడుగగా, "త్రాగినచో రాత్రి లేవవలసి వచ్చును గదమ్మా" యనిరి.

ఆ మాటతో మాకు తల వంగిపోయినది. మలమూత్రాది వేగముల నణచుటవలన కలుగు రోగములను వాగ్భటుడు అష్టాంగహృదయమున ఒక యధ్యాయమందు వివరించెను. దానిని చిన్ననాట తండ్రిగారియొద్ద చదువుకొన్న మేమే, మాయింట పెద్దామె దాహమునే అణచుకొనుచుండగా గుర్తింపలేకపోతిమి.

అందుచేత నీమాఱు దుకాణమునకు పోకమునుపే ఇంటనున్న వారినందఱను అడిగితిమి. అత్తగారు పట్టుకొనుటకేదైన నుండిన చాలుననిరి. మా అమ్మాయి పొడిబట్టలు తడియకుండ నుంచుటకు గూడు కావలెనన్నది. గది కడుగు పనిమనిషి, "జలదారి మూలయే ఎత్తుగా నున్నదమ్మా, నీరెట్లు పోవును?" అన్నది. పదేండ్లుగా ఆమె యెఱిగిన లోపమును మే మెన్నడును అడిగి తెలిసికొనలేదు.

ఇక పనిలో చూడవలసినవి చెప్పుదుము.

మొదటిది నేల. స్నానముచేయు చోట అడుగునకు పావంగుళము చొప్పున జలదారివైపు వాలుండవలెను. టైల్సు గరుకువి కావలెను. నునుపుచేయని నాపరాయియైనను మంచిదే. దుకాణమున పొడిగానున్నదానిని చూచి మురియరాదు. ఒకదానిపై నీరుపోయించి, సబ్బు రాయించి, పాదము మోపి చూడుడు. అమ్మువాడు నవ్వినను నవ్వనిండు.

రెండవది నీటిదారి. టైల్సు పఱచుటకు ముందు నీరింకని పూత నేలకే కాక గోడలకును అడుగెత్తున పూయింపవలెను. పిదప జలదారిని మూసి, నేలపై నీరు నిలిపి, గోడమీద గీతగీసి ఒకదినము పూర్తిగా వేచియుండవలెను. నీరు గీతకు మిక్కిలి దిగినను, క్రిందిగోడలు చెమర్చినను లోపమున్నట్లే. టైల్సు పఱచిన తరువాత బయటపడినచో అన్నియు పగులగొట్టవలసినదే. జలదారికి రెండంగుళముల నీరు నిలుచు ట్రాపు పెట్టింపవలెను. ఆ నీరే దుర్వాసనకు అడ్డము. వాడని గదిలో అది యెండిపోవును గావున అపుడపుడు చెంబెడు నీరు పోయవలెను.

మూడవది పట్టుకమ్మి. స్నానముచేయు చోటను కమోడు ప్రక్కను ఒక్కొక్కటి బిగింపించితిమి. అది టైల్సులో గాక లోపలి ఇటుకగోడలో దిగవలెను. తాపీమేస్త్రి చేతితో లాగి "గట్టిగానున్న" దన్నంత మాత్రమున నమ్మక, బరువంతయు వైచి చూడుడు. మోకాళ్లనొప్పులవారికి పదునెనిమిదంగుళముల యెత్తుగల కమోడు సుకరము. తలుపు బయటికి తెఱచుకొనునట్లుండవలెను. లోపల పడినవారు తలుపునకు అడ్డముగానుండిన, లోనికి తెఱచు తలుపును త్రోయుటకు వీలుండదు.

నాల్గవది వేడినీరు. గీజరు స్విచ్చి గదివెలుపల నుండవలెను. ఎర్తుతీగ తప్పక యుండవలెను. విద్యుత్తు 30 మిల్లీ ఆంపియర్లు ప్రక్కదారి పట్టినంతనే ప్రవాహము నాపు ఆర్‌సీసీబీ యను బ్రేకరును పెట్టింపుడు. గ్యాసుగీజరైనచో మూసినగదిలో నెన్నటికిని వలదు. దాని మంట గాలిలోని ప్రాణవాయువును హరించి కార్బన్ మోనాక్సైడును పుట్టించును. దానికి రంగును లేదు, వాసనయు లేదు. లోపలనున్నవారు కేకవేయకయే సొమ్మసిల్లుదురు.

బడిపంతులు జీతముతో ఇవన్నియు నెట్లని మీరడుగవచ్చును. మేము పాటించిన సూత్రమొక్కటే: టైల్సు క్రిందికి పోవుదానిలో పొదుపు చేయలేదు; టైల్సు పైన కనబడుదానిలో చేసితిమి. అద్దపుతెర మానితిమి. గోడటైల్సు భుజమెత్తునకే ఆపితిమి. పాత కొళాయిలను కడిగించి మరల బిగింపించితిమి. కొళాయిని మఱుసటియేడు మార్చుకొనవచ్చును, నేలవాలును మార్చుకొనజాలము.

పని ముగిసి రెండు నెలలైనది. మొదటి వారము మా అత్తగారు పగటిపూట రెండుమూడుసార్లు ఊరకే లోనికిపోయి కమ్మిని పట్టుకొని వచ్చుచుండిరి. మే మేమియు అనలేదు. మొన్న రాత్రి భోజనమైన పిదప, "అమ్మాయీ, కొంచెము మజ్జిగ పోయుము" అనిరి.

సోదరీమణులారా, స్నానపుగదిని బాగుచేయింప దలచినచో రంగులపుస్తకము తెఱచుటకు ముందు మీయింటి పెద్దలయొద్ద ఒక గడియ కూర్చుండుడు. ప్రొద్దుగ్రుంకిన తరువాత వారు నీళ్లు త్రాగుచున్నారో లేదో అడిగి తెలిసికొనుడు.