పుట్టీ ధర అడిగాం, పిల్ల చేతుల సంగతి అడగలేదు

మా ఇంట్లో మూడు నెలలు బహస్ నడిచింది. మూడంగుళాల బొమ్మ మీద. పదో తరగతి చదివే మా బేటీ తన దాదీని చేస్తానంది. చాప మీద కూర్చుని, ముందు పాన్‌దాన్ పెట్టుకుని, దుపట్టా నెత్తి మీదికి లాక్కున్న దాదీ. అమ్మీ పోయి రెండేళ్లయింది. ఆమె వేళ్లు, ఆ సున్నం డబ్బీ పిల్లకు ఇంకా కళ్లముందే ఉన్నాయి.

"ఇదంతా ఫిజూల్ ఖర్చు" అంది మా ఆవిడ. "జాన్‌దార్ సూరత్ చేయొచ్చా?" అన్నారు భాయీజాన్. "ఫారిన్ పుట్టీ అయితేనే పని కుదురుతుంది" అన్నాడు దుకాణందారు. "నల్లాకు వాడిన ఎం-సీల్ మిగిలిందిగా, అది చాలదా?" అన్నాను నేను. నలుగురం నాలుగు మాటలు అన్నాం. ఆ పుట్టీతో పిల్ల చేతులకు ఏమవుతుందని ఒక్కరమూ అడగలేదు. ఈ షికాయత్ ఆ నలుగురి మీద. మొదటి ముద్దాయిని నేనే.

భాయీజాన్ సవాల్‌ని నేను తేలిగ్గా తీసిపారేయను. జాన్‌దార్ సూరత్‌ల మీద ఉలమా ఏమంటారో మన ఇళ్లలో అందరికీ తెలుసు. ఫత్వా ఇవ్వడం నా పని కాదు. మీ ఇంటి ఫైసలా మీ ఆలిమ్‌ను అడిగి మీరు చేసుకోండి. నేననేది ఒక్కటే. హలాలా, హరామా అని అడిగిన నోటితోనే గ్లవ్స్ వేసుకున్నావా బేటీ అని కూడా అడగొచ్చు కదా. పిల్లల జిస్మ్ కూడా మన దగ్గరున్న అమానతే.

ఇక పుట్టీ సంగతి. హార్డ్‌వేర్ దుకాణంలో పుట్టీ అంటే గోడకు పూసే తెల్లపొడి సంచి చూపిస్తారు. బొమ్మలకు కావాల్సింది ఎపాక్సీ పుట్టీ. అది రెండు ముద్దలుగా వస్తుంది. ఒకటి రెజిన్, ఒకటి హార్డెనర్. విడిగా ఉంటే మెత్తగా ఉంటాయి. కలిపి పిసికితే కొన్ని గంటల్లో గట్టిపడతాయి. ఓవెన్ అక్కర్లేదు. ఒకసారి గట్టిపడితే మళ్లీ మెత్తబడదు. తప్పు పుట్టీ ఎంచుకుంటే చెక్కి పారేయడమే.

బొమ్మల సామాను అమ్మే ఆ దుకాణందారు గ్రీన్ స్టఫ్ ఇచ్చాడు. అమెరికాలో నీడటైట్ పేరుతో తయారైన పుట్టీ. పసుపు, నీలం పట్టీలు కలిపితే ఆకుపచ్చ అవుతుంది. "ప్రపంచమంతా ఇదే వాడుతుంది" అన్నాడు. అది సగం నిజం. దానికి సాగే గుణం ఉంది. దుపట్టా మడతలు, జుట్టు పాయలు, అంచు మీది జరీ, వీటికి అదే ఉస్తాద్. గంటసేపు తీరిగ్గా దిద్దుకోవచ్చు. కానీ గట్టిపడ్డాక కూడా కొంచెం రబ్బరులా ఉంటుంది. ఎమ్రీ కాగితంతో రుద్దితే పొడి రాలదు, నూగు లేస్తుంది. పాన్‌దాన్ మూత అంచు పదునుగా రమ్మంటే రాదు. మా పిల్ల మూడుసార్లు చేసింది, మూడుసార్లూ కోసి పారేసింది. ఇంకో సంగతి. పసుపు, నీలం ఆనుకుని ఉన్నచోట పట్టీ ముందే గట్టిపడుతుంది. ఆ సన్నటి గీతను కోసి తీసేయకుండా కలిపితే ముద్దంతా రవ్వలే. దాదీ చెంప మీద ఆ రవ్వలే తేలాయి. ఇవేవీ అమ్మినవాడు చెప్పలేదు.

పాన్‌దాన్ లాంటి వాటికి వేల్స్‌లో తయారయ్యే మిల్లీపుట్ రకం నయం. కడ్డీలు రెండూ సమానంగా తీసుకుని పిసకాలి. తడి వేలితో రాస్తే నున్నగా వస్తుంది. మూడు నాలుగు గంటల్లో రాయిలా అవుతుంది. ఆకురాయి పెట్టొచ్చు, రంధ్రం వేయొచ్చు. కానీ సన్నగా సాగదీస్తే తెగుతుంది, పల్చటి ముక్క విరుగుతుంది. అందుకే చేయి తిరిగినవాళ్లు రెండింటినీ సగం సగం కలిపి ముఖాలకు వాడతారు. ఒకదాని సాగుడు, ఇంకోదాని నునుపు రెండూ వస్తాయి.

మరి నా ఎం-సీల్? బొమ్మ లోపలి గుజ్జుకు, కింది పీటకు, రాళ్లకు బాగానే పనికొస్తుంది. రాగి తీగకు పట్టిస్తే వదలదు. కానీ జిగురెక్కువ, కొంచెం గరుకు. కళ్లూ పెదాలూ దాంతో కుదరవు. తొందరగా బిగిసే రకమైతే మన ఎండాకాలంలో ముక్కు దిద్దేలోపే బిగుసుకుంటుంది. మన దగ్గరే దొరికే మోల్డిట్ లాంటి క్రాఫ్ట్ పుట్టీ కొత్తగా నేర్చుకునే చేతికి మంచిది. పాడు చేసినా ప్రాణం ఉసూరుమనదు.

"ఛీ, అది ప్లంబర్ సామాను" అనే నవాబీ నాకు నచ్చదు. మిల్లీపుట్‌ను కూడా పైపులకు, ఇంటి మరమ్మతులకు అమ్ముతారు. గ్రీన్ స్టఫ్ కూడా మొదట మరమ్మతు పుట్టీయే. విలాయతీ పైపుకు ఇజ్జత్, మన నల్లాకు లేదా? అలాగని నాలాగా "ఇంట్లో ఉన్నదే చాలు" అనడం కూడా బచత్ కాదు. పని పాడై, మళ్లీ కొంటే రెండు ఖర్చులు. ఏ పనికి ఏ పుట్టీ అన్నదే సవాల్. ధర కాదు, దేశమూ కాదు.

పుట్టీ పని మనకు కొత్తేం కాదు. కొండపల్లిలో తెల్ల పొణికి చెక్కతో బొమ్మలు చేసి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో చేతులూ కాళ్లూ అతికిస్తారు. చేర్యాల ముఖాలు కూడా ఆ రెండింటితో చేసినవే. అక్కడి కళాకారుల్ని నకాషీలంటారు. నక్కాష్ మన ఉర్దూ లఫ్జే. కారీగర్ ఇంట్లో పుట్టిన పిల్లకు ఏ ముద్ద ఎప్పుడు ముట్టుకోవాలో ఉస్తాద్ పక్కన కూర్చుని చెబుతాడు. మా పిల్లకు ఉస్తాద్ ఫోన్లోని వీడియోలే. ఆ ఖాళీ నింపాల్సింది మేము. నింపలేదు.

మూడో నెలలో వేళ్ల సందుల్లో దురద మొదలైంది. తర్వాత ఎర్రటి పొక్కులు. మా ఆవిడ కొబ్బరినూనె రాసింది, నేను సబ్బు మార్చమన్నాను. చర్మం డాక్టరు పరీక్ష చేసి ఎపాక్సీ అలర్జీ అన్నారు. గట్టిపడని రెజిన్, హార్డెనర్ మళ్లీ మళ్లీ చర్మానికి తగిలితే కొందరికి ఇలా అవుతుంది. ఒకసారి వచ్చిందా, మామూలుగా జీవితాంతం ఉంటుంది. తర్వాత కొంచెం తగిలినా మళ్లీ పొక్కులే.

ఆ రాత్రి కవరు తీసి చూశాను. దుకాణందారు పెద్ద చుట్ట కోసి, జిప్ కవర్లో పెట్టి ఇచ్చాడు. కవరు మీద ధర ఉంది. జాగ్రత్త అన్న ఒక్క మాట లేదు. నా ఎం-సీల్ డబ్బా మాత్రం ఇంట్లోనే ఉంది. దాని మీద చిన్న అక్షరాలున్నాయి. చిన్న అక్షరాలు చదవండని ఇరవై ఏళ్లుగా పేపర్లో జనానికి నసీహత్ చేస్తున్న నేను, అవి చదవలేదు.

అందుకే అమ్మీలకూ అబ్బాలకూ చెబుతున్నా. షౌక్‌ను ఆపకండి, దానికి ఎహ్‌తియాత్ నేర్పండి. నైట్రైల్ గ్లవ్స్ లేకుండా పుట్టీ కలపనివ్వకండి. గ్లవ్స్‌కు అంటుకుంటుంటే నీళ్లో, కొంచెం వాజ్‌లీనో రాసుకోమనండి. పనిముట్టును నాలుకతో తడిపే అలవాటుంటే ఆ రోజే మాన్పించండి. వంటింటి చెంచాలు, పీటలు ఈ పనికి ఇవ్వకండి. పూర్తిగా గట్టిపడ్డాకే రుద్దాలి, అదీ తడిపి, మాస్క్ పెట్టుకుని. జాగ్రత్తలు రాసిలేని కవరు ఎవరిచ్చినా, ఎంత చవకైనా వెనక్కి ఇచ్చేయండి. ఆ రాత చూడటం కొనేవాడి హక్కు, చూపించడం అమ్మేవాడి ఫర్జ్.

మా ఇంట్లో పాన్‌దాన్ పూర్తయింది, దుపట్టా పూర్తయింది. ముఖం కాలేదు. ఇక ఆ పుట్టీ ముట్టుకోవద్దని డాక్టరు చెప్పేశారు. భాయీజాన్ ఆ బొమ్మను చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశారు. "అమ్మీ ఇలాగే కూర్చునేది" అన్నారు. తర్వాత పిల్ల వేళ్లు చూశారు. మొదటిసారి.