ఇంటి పలుకు - కొలువు పలుకు

బేగంపేటలోని విమానాశ్రయం 2008 మార్చిలో శంషాబాదుకు తరలివచ్చింది. దానికై కేటాయించిన నేల సుమారు 5,500 ఎకరాలు. చుట్టుపట్ల పల్లెల బిడ్డలు ఎందరో నేడు అక్కడి కొలువులలో ఉన్నారు. ఊరి ముఖం మారినంత త్వరగా మనిషి మనసు మారదు. చిక్కంతా అక్కడే ఉన్నది.

“ఏడికి పోతున్నవు బిడ్డా?” అన్న తల్లికి జవాబు చెప్పి బయలుదేరిన యువతి, గంట గడవక ముందే కొలువు దుస్తులు తొడిగి, ప్రయాణికులతో ఇంగ్లీషులోనో హిందీలోనో మాట్లాడవలసివస్తుంది. ఇది తప్పు కాదు. సంతకు పోయే రైతు ఉతికిన అంగి తొడగటం వంటిదే. కాని అదే తల్లి పదిమంది ఎదుట పలుకరించినప్పుడు ఆ బిడ్డ తల వంచుకొన్నదంటే, మారినది అంగి మాత్రమే కాదు.

ఈ సిగ్గును మొదట నేర్పినది కొలువు కాదు, బడి. పిల్లవాడు “తొవ్వ” అని వ్రాస్తే కొట్టివేసి “దారి” అని దిద్దే ఎర్రసిరా, ఆ మాటనే కాక దానిని నేర్పిన ఇంటినీ తప్పని తేల్చుతుంది.

గాయం పాతదే. 1918లో వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బోధన ఉర్దూలో సాగింది. 1921లో హైదరాబాదులో జరిగిన సంఘసంస్కరణ సభలో ఆలంపల్లి వేంకటరామారావు తెలుగులో మాట్లాడబోగా సభికులు గేలిచేశారు. ఆ అవమానంనుంచే ఆంధ్రజనసంఘం పుట్టింది. తరువాత బడికి తెలుగు వచ్చింది. ఐనా పుస్తకంలోని తెలుగు తెలంగాణపు ఇంటి తెలుగు కాలేదు. కాళోజీ నారాయణరావు ఇంటి పలుకు పక్షాన నిలిచి వాదించారు. ఆయన జన్మదినమైన సెప్టెంబరు 9 ఇప్పుడు తెలంగాణ భాషాదినోత్సవం. గౌరవం వేదికకు దక్కింది. తరగతిగదికి దక్కిందా?

2022-23 నుంచి తెలంగాణ ప్రభుత్వ పాఠశాలలలో ఒకటి మొదలు ఎనిమిదవ తరగతివరకు ఇంగ్లీషు మాధ్యమం ప్రవేశించింది. భాషాభిమానులు కొందరు నొచ్చుకొన్నారు. వారిలో ఎందరి పిల్లలు తెలుగు బడిలో చదివారో వారే చెప్పాలి. కూలివాని బిడ్డకు ఇంగ్లీషు అన్నం పెట్టే విద్య. దానిని వద్దనే హక్కు కడుపు నిండినవారికి లేదు.

ఐతే అన్నం పెట్టే భాషను నేర్పటానికి అమ్మ భాషను చిన్నబుచ్చనక్కరలేదు. ఒక పుటలో తెలుగు, ఎదుటి పుటలో ఇంగ్లీషు ఉన్న పాఠ్యపుస్తకాలను ప్రభుత్వమే ముద్రించింది. రెండు భాషలకు చోటు దొరికిన పుస్తకంలో, ఒకే భాషలోని రెండు మాటలకు చోటు దొరకదా? “తొవ్వ”ను కొట్టివేయక, పక్కన “దారి” అని వ్రాయిస్తే చాలును. ఖర్చులేని సంస్కరణ ఇది. ఉపాధ్యాయుని మనసు ఒక్కటే కావాలి.

రాత్రి పని ముగించి బస్సెక్కిన ఆ యువతి ఫోనులో తల్లితో “తొవ్వల ఉన్న” అంటుంది. పక్కవారు వింటారేమో అని గొంతు తగ్గించకుండా ఆ మాట అనగలిగిననాడు, బడి ఆమెకు చదువు చెప్పినట్లు.